డెక్కలకు పని పంచిన పీత

సముద్రపు ఒడ్డున పెంటయ్య అనే పీత ఉండేవాడు. పోటు వచ్చేలోగా బొరియలో దూరి, తడి ఇసుక ముద్దతో గుమ్మం మూసుకోవడం పీతల ఆనవాయితీ. “అన్నీ నేనే చూసుకుంటే ఎప్పటికి తెమిలేను?” అనుకుని, పెంటయ్య ఆ వేళ డెక్కలు రెండింటికీ తలో పని అప్పజెప్పి, పెద్ద దొరలా కళ్లు మూసుకున్నాడు.

ఎడమ డెక్క ముద్ద తెచ్చింది. కుడి డెక్క గుమ్మం అంచు పట్టుకుని నిలబడింది.

“నువ్వు తప్పుకుంటేనే ముద్ద పెడతాను” అంది ఎడమది.

“నువ్వు ముద్ద పెడితేనే తప్పుకుంటాను. లేకపోతే ఇసుక జారిపోదూ?” అంది కుడిది.

పక్కింటి నత్తమ్మ కేకేసింది. “పెంటయ్యా, అల వచ్చేస్తోందయ్యా!”

“కంగారు పడకు వదినా, అందరూ పనిలోనే ఉన్నారు” అన్నాడు పెంటయ్య, కళ్లు తెరవకుండానే.

అల వచ్చింది. పెంటయ్యను బొరియలోంచి ఊడబెరికి, దిబ్బ మీద వెల్లకిలా పడేసింది. ఎడమ డెక్క ఇంకా ముద్ద వదల్లేదు.

“ఏమైందయ్యా?” అని ఆత్రంగా అడిగింది నత్తమ్మ.

“ఏం చెప్పను వదినా! దీనికోసం అది ఆగింది, దానికోసం ఇది ఆగింది. రెండూ చూసుకుంటాయిలే అని, ఇంత తలకాయ పెట్టుకుని నేనూ ఆగాను. అల ఒక్కటే ఎవరికోసమూ ఆగలేదు.”