దీపం పట్టుకున్నాను

'1871 నవంబరు 4. ఉడికించిన మాంసం, చల్లారిపోయిన బంగాళాదుంపలు. ఎడ్మండ్ బొమ్మ వేశారు. నేను దీపం పట్టుకున్నాను.'

ఆ తేదీ, ఆ రాత్రి భోజనం నమ్రతకి కంఠతా వచ్చేశాయి. నూటయాభై ఏళ్ళ కిందట ఇంగ్లండులో, చిత్రకారుడు ఎడ్మండ్ థార్న్‌బీ భార్య హారియట్ రాసుకున్న డైరీ అది. అక్కణ్ణుంచి తొమ్మిదేళ్ళపాటు ప్రతి పేజీ అలాగే ముగుస్తుంది. తిండి మారుతుంది. దీపం మారదు.

డాలస్‌లో ఓ చిన్న మ్యూజియంలో పాత బొమ్మలు అసలువో నకిలీవో తేల్చే ఉద్యోగం నమ్రతది. మొదట్లో థార్న్‌బీ ఆకు వేస్తే ఈనెలు లెక్కపెట్టుకోవచ్చు. గొర్రెపిల్లకి వెంట్రుక వెంట్రుకా వేసేవాడు. 1871 తర్వాత ఉన్నట్టుండి ఈనెలు పోయి పొగమంచు వచ్చింది. అన్నీ వెడల్పాటి, నిబ్బరమైన గీతలు. మూలన సంతకం మాత్రం సన్నగా వణికింది.

సంతకం వణికిందంటే అది దొంగ చెయ్యే అనుకుంది నమ్రత. బొమ్మలమ్మే దళారీ ఎవడో వేరేవాడి చేత వేయించి ఉంటాడు. ఆ మాటే రిపోర్టులో రాసింది. పొద్దున్నకల్లా పంపాలి. పంపితే మ్యూజియంలో ఉన్న 1871 తర్వాతి పదకొండు బొమ్మలూ గోడ దిగి గోదాములోకి పోతాయి. ఇక వాటి మొహం చూసేవాళ్ళుండరు.

ఆ అనుమానం ఆఫీసులో ఆగలేదు. ఊరి పక్కనే ఇర్వింగ్‌లో ఉన్న ఇంటిదాకా వచ్చింది.

అత్తగారు సుబ్బులు ఈమధ్య మారిపోయారు. అందరితో కలిసి భోంచెయ్యరు. కాఫీ ఇస్తే చేత్తో అందుకోరు, "అక్కడ పెట్టమ్మా" అంటారు. ఆఖరికి ముగ్గులు కూడా మారాయి. నెమళ్ళూ తీగలూ మెలికలు తిప్పిన మనిషి, ఈ ధనుర్మాసమంతా గళ్ళూ గీతలే. మధ్యలో పెట్టే కుంకుమ కూడా చెదిరిపోయి ఉంటోంది.

"మీ అమ్మకి నా మీద కోపం" అంది భర్త ఫణితో.

"ముగ్గు చూసి డిసైడ్ చేశావా? అయితే మా అమ్మ మీద కూడా రిపోర్ట్ సబ్మిట్ చెయ్యి."

"జోక్ కాదు ఫణీ. మనసు పెట్టి వేసే ముగ్గేనా అది? పార్కింగ్ లాట్‌లా ఉంది."

"నీట్‌గానే ఉందిగా! నువ్వు ప్రతిదీ డౌట్ చేస్తావు" అంటూ ఫణి పైకి వెళ్ళిపోయాడు.

ఎనిమిదిన్నర అయింది. తెల్లారేసరికి వాకిట్లో ముగ్గుండాలని రాత్రే వేసేయడం ఆ ఇంట్లో పద్ధతి. అత్తగారు శాలువా కింద ముగ్గుగిన్నె గుండెకి అదుముకుని లేచారు. బెండకాయలు కూడా స్కేలు పెట్టినట్టు తరిగే మామగారు బ్రహ్మయ్య, ఫోన్లో లైటు వేసుకుని వెనకే బయల్దేరారు.

"మీరుండండి మామయ్యగారూ, లైటు నేను పట్టుకుంటాను."

"ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఈవిడకి లైటు పట్టడమే నా ఉద్యోగం. లే ఆఫ్ చేసేస్తావేంటి?"

"నీ పని చూసుకోమ్మా, బయట చలి" అన్నారు అత్తగారు గబగబా. తలుపు దగ్గరగా వేసేశారు.

తలుపెందుకు వెయ్యడం? నమ్రత చెవి అటే వేసింది.

"అటు కాదండీ, ఇటు! ఎన్నిసార్లు చెప్పాలీ..." అత్తగారి విసుగు.

"సరే సరే, అరవకు. అమ్మాయి వింటుంది."

పాపం, లైటు సరిగా పట్టకపోతే ఆయనకీ చీవాట్లే. మరి తానెంత? నిట్టూర్చి లాప్‌టాప్ తెరిచింది. రిపోర్టులో ఆఖరి వాక్యం మళ్ళీ చదువుకుంది: 'ఈ పదకొండూ మోసం కోసం వేసినవి. వేసిన చెయ్యి ఎవరిదో తెలియదు.'

పంపడమే తరువాయి.

అప్పుడే ఇద్దరూ లోపలికొచ్చారు.

"అయిందా అత్తయ్యా?"

"ఆఁ, వేశానమ్మా." శాలువా జారింది. సర్దుకోబోయిన ఆవిడ వేళ్ళు, కొసన కుంకుమతో, సన్నగా వణికాయి. చలి కాబోలు అనుకుంది నమ్రత.

"నేను లైటు పట్టుకున్నాను" అన్నారు మామగారు, ఎవరూ అడక్కుండానే.

బటన్ నొక్కబోతున్న నమ్రత వేలు గాల్లోనే ఆగిపోయింది: ఆ రాత్రికి చప్పుడు కాకుండా తలుపు మూసిన మామగారి అయిదు వేళ్ళూ, నల్లటి గడియ మీద తెల్లటి ముగ్గుపిండితో అచ్చుపడి ఉన్నాయి.