కేకకి గోడ

“ఏటమ్మా ఇది? నా కొట్లో కాటా తగిలిత్తే ఎదురు కొట్లో సింహాచలానికి ఎలా తెలిసిపోతంది?”

బెల్లం వర్తకుడు వెంకటరమణమూర్తి అరుపుకి రోజలిన్ కంప్యూటరు మీంచి తలెత్తింది.

అనకాపల్లి మార్కెట్లో ఆ వీధి వర్తకులు నలుగురూ ఖర్చు కలిసొస్తుందని ఒకటే కంప్యూటరు కొన్నారు. దాన్ని లోపల నాలుగు గదులుగా విడగొట్టి, కొట్టుకో తెర పెట్టింది రోజలినే. ఎవరి వ్యవహారం వాళ్ల తెర మీదే. చిక్కల్లా కాటాతో వచ్చింది. జిగురుకి చీమలు పడతాయని బెల్లం వచ్చినప్పుడే కాటా బయటికి తీసి కంప్యూటరు వైరు తగిలిస్తారు. తగిలించగానే “మూర్తి గారి కొట్లో కాటా వెలిగింది” అని నాలుగు తెరల మీదా కబురు పడుతోంది.

“దిమ్మలు దించేలోగా ముగ్గురూ గెద్దల్లా వాలిపోతన్నారు. తలో రేటూ చెప్పి రైతుని ఎగేత్తన్నారు. నేను చవగ్గా కొనేదెప్పుడు?”

“యంత్రం ఒక్కటే గదండీ షావుకారు గారూ. కొత్త వస్తువేదైనా తగిలితే లోపల అన్నిటినీ నడిపించే కెర్నెల్ అనేది కేకేస్తాది. గదులకి గోడలు కట్టేను గానీ ఆ కేకకి గోడ లేదండి.”

“అయితే కట్టు!”

“కెర్నెల్లో చెయ్యి పెట్టాలండి. తేలిక్కాదు.”

“వారం చూత్తాను. అవ్వలేదంటే విశాఖపట్నం నించి ఇంకోణ్ణి తెచ్చుకుంటాం.”

ఆ నలుగురిచ్చే జీతమే రోజలిన్‌కి ఆధారం. రోజూ పెందలాడే వచ్చి తెర ముందు కూర్చునేది. మధ్యమధ్య లేచి వీధి గుమ్మంలోకి వెళ్లి నిలబడేది.

“పని మానేసి బళ్లు చూత్తన్నావేటి?” అనేవాడు మూర్తి.

“కళ్లు లాగుతున్నాయండి.”

సాయంత్రం అడిగితే, “ఇంకా అవలేదండి.”

సింహాచలం మాత్రం కులాసాగా వచ్చేవాడు. “ఏటి మూర్తి బావా, నీ కాటా కేకేసి పిలిత్తే రాకపోతే బాగుంటాదా?”

గడువు రోజున మూర్తి నిప్పులు కక్కుతూ వచ్చాడు. “నిన్న ఏటికొప్పాక వైపు నించొచ్చిన సరుక్కి నలుగురం ఎగబడ్డాం. ఈ ఏడు మార్కెట్లో అంత రేటు పలకలేదు. ఇయ్యాలైనా అవుద్దా, లేదా?”

“ఇప్పుడే చేస్తానండి.”

రోజలిన్ కూర్చుంది. ఏ కొట్టు కాటా కేక ఆ కొట్టు గదికే వెళ్లేలా కట్టేసింది. తెప్పించిన టీ చల్లారకముందే లేచింది.

మూర్తి కాటా తగిలించి, ఎదురు కొట్లోకి పరిగెత్తాడు. సింహాచలం తెర మీద ఏమీ పడలేదు. నవ్వుకుంటూ తిరిగొచ్చాడు.

“ఇంతోటి పనికా వారం రోజులు ఏడిపించేవు?”

“ఎక్కడ కట్టాలో తెలిసేదాకేనండి.”

“పోన్లే, నీ ఉజ్జోగానికి డోకా లేదు. ఇకనించి నేను చెప్పిందే రేటు!”

రోజలిన్ తలూపి టీ తాగింది.

ముందురోజే ఆమె నాన్న తన బెల్లమంతా ఆ వీధిలో అమ్ముకున్నాడు.