వచ్చిందా?

గాలివానకు డిష్ పక్కకు తిరిగింది. మెకానిక్‌ను పిలుద్దామంటే మావారు అచ్యుతరామారావుగారు నవ్వారు. ఫోన్‌లో వీడియో చూసినవారికి మెకానిక్ ఎందుకు?

ఆయన డాబా ఎక్కారు. నాకు హాల్లో టీవీ ముందు నిలబడే ఉద్యోగం ఇచ్చారు.

"వచ్చిందా?"

"రాలేదండీ."

"ఇప్పుడో?"

"ఇందాక నీలంగా ఉంది, ఇప్పుడు నల్లగా ఉంది."

"అంటే దగ్గర పడ్డట్టే!"

డిష్‌ను కొండ వైపు తిప్పారు, కృష్ణానది వైపు తిప్పారు. ఉపగ్రహానికి మా భవానీపురం మీద పగ ఉన్నట్టుంది.

"నువ్వు సరిగ్గా చూడట్లేదు!"

హమ్మయ్య, లోపం దొరికింది. వాకిట్లోకి వెళ్లి పైకి చూశాను. స్టూలెక్కితేనే కళ్లు తిరిగే మనిషి తడిసిన పిట్టగోడ మీద నిలబడి, డిష్‌ను కావలించుకుని ఉన్నారు. కేక గొంతులోనే ఆపుకున్నాను. అరిస్తే ఉలిక్కిపడతారు.

చప్పుడు కాకుండా హాల్లోకి వచ్చేశాను.

"వచ్చిందా?"

"వచ్చిందండీ! అద్దంలా ఉంది! ఇక కదపకుండా మెల్లగా దిగి రండి!"

కప్పు గెలిచినవాడిలా దిగి వచ్చారు. టీవీలో 'సిగ్నల్ లేదు' అని ఉంది.

"ఏదీ? వచ్చిందన్నావుగా?"

"మీరొచ్చారుగా. అది మెకానిక్‌తో వస్తుంది లెండి."