నీళ్ల బొమ్మ కొలతలు

తెల్లారితే అమ్మకి ఆసుపత్రిలో రేడియేషన్ చికిత్స. యంత్రం సరిచూడాలని, అక్కడే పనిచేసే, భౌతికశాస్త్రం చదివిన చెల్లెలు నీళ్లు నింపిన మనిషంత ప్లాస్టిక్ బొమ్మను బల్ల మీద పడుకోబెట్టి, పక్కగదిలోకొచ్చి తలుపేసింది. యంత్రం తీసే కొలతలు ఇంట్లో ఉన్న, లెక్కల పరిశోధకురాలైన అక్క కంప్యూటర్‌కి అందుతున్నాయి.

ఫోన్లో అక్క కస్సుమంది. "ఛాతీ ఎత్తు నాలుగు సెకన్లకోసారి లేచి దిగుతోంది. ఎవర్ని పడుకోబెట్టావే?"

"బొమ్మనే అక్కా, ఒట్టు."

"అమ్మ ప్రాణంతోనా నీ వేళాకోళం? అది ఊపిరే!"

ఈ తప్పేమిటో తేలకపోతే రేపు కిరణం గురితప్పి అమ్మ గుండెకే తగులుతుంది. చూడక తప్పదనుకుని చెల్లెలు లేచి, చప్పుడు కాకుండా తలుపు పిడి మీద చెయ్యేసింది.

"ఆగిపోయింది," అంది అక్క గొంతు తగ్గించి. "ఊపిరి బిగబట్టి వింటున్నట్టుంది. నువ్వేమైనా కదిలావా?"