ఎడమవైపు పల్లం

"తప్పు. మళ్ళీ చూడు," అన్నాడు డాక్టర్ స్టాకర్డ్.

బల్ల మీద వెల్లకిలా పడుకున్న ముసలాయన రెండు కాలర్ బోన్ల పైన లీటా ప్రూయిట్ బొటనవేళ్ళు ఆనించి ఉన్నాయి. కళ్ళు మూసుకుని మళ్ళీ తడిమింది. చేతికి అదే తగిలింది.

చేత్తో ఒళ్ళు సవరించి నయం చేసే వైద్యం నేర్పే ఆ అమెరికా మిస్సోరీ ఆస్టియోపతీ కాలేజీలో ఒంటిని చేత్తో చదవడం రానివాడికి మిగతా ఎన్ని మార్కులొచ్చినా లాభం లేదు. లీటా ఈ చేతి పరీక్ష జనవరిలో ఒకసారి తప్పింది. ఇది ఆఖరి అవకాశం. ఇదీ పోతే రెండో ఏడాదంతా మళ్ళీ మొదటి నుంచి చదవాలి.

నోటితో చెప్పమన్నవన్నీ గడగడా చెప్పేసింది. ఒళ్ళంతా ఒకటేననీ, తనను తాను బాగుచేసుకునే శక్తి దానికే ఉందనీ, అడ్డం తీసేయడమే వైద్యుడి పని అనీ చెప్పింది. కాళ్ళలో, పొట్టలో ఊరే లింఫు నీరు పైకెక్కి, ఎడమ కాలర్ బోన్ వెనక నెత్తురులో కలిసి గుండెకు చేరుతుందనీ, అందుకే ముందు ఆ దారి వదులు చేసి, ఆ తర్వాతే పాదాలు పట్టుకుని లయగా ఊపాలనీ చెప్పింది. స్టాకర్డ్ అన్నింటికీ తల ఊపాడు. చిక్కంతా చెయ్యి వేశాకే వచ్చింది.

"తడబడకుండా చెప్పు. ఏం తగిలింది?"

"కుడివైపు బాగుంది సార్. ఎడమవైపే తేడా. మరీ మెత్తగా, పల్లంగా ఉంది. వేలు లోపలికి దిగిపోతోంది."

బల్ల మీది ముసలాయన ఒక కన్ను తెరిచాడు. పేరు ఆర్లెన్, ఒకప్పుడు పోస్ట్‌మన్. ఏటా ఈ పరీక్షలకు రోగి వేషం వేస్తాడు. ఇవాళ్టి వేషం, మూడు వారాల కిందట గుండెపోటు వచ్చి పాదాలు వాచిన మనిషి.

"తల్లీ, జబ్బున్నట్టు నటించమన్నారుగానీ, నిజంగానే ఉందంటావేంటి? మా ఆవిడ చెవిన పడితే రేపటి నుంచి నాకు పంది మాంసం బంద్," అన్నాడు.

లీటాకు నవ్వు రాలేదు. స్టాకర్డ్ అసలు నవ్వే మనిషి కాదు. ఆర్లెన్‌ని పొద్దున ముగ్గురు మేష్టర్లు విడివిడిగా చూశారనీ, రెండు పక్కలా ఒక్కలాగే ఉందని రాసిచ్చారనీ ఆయన కాగితం ఎత్తి చూపించాడు. లేని రోగం అంటగట్టే చేతుల్ని జనం మీదికి వదలలేనన్నాడు. ఇంకా రెండు నిమిషాలుంది, మాట మార్చుకుంటావా అని అడిగాడు.

మార్చుకుంటే గట్టెక్కుతుందని లీటాకు తెలుసు. రెండు పక్కలా సమానమే సార్ అంటే సరిపోతుంది. కానీ ఈ నాలుగు నెలలుగా సాయంత్రాలన్నీ ఆ చోటు తడిమి తడిమి వేళ్ళకు నేర్పించింది. బయట వరండాలో తోటి విద్యార్థి కోల్బీ కూర్చున్నాడు. పొద్దున్నే ఆమె కోసం కాఫీ, డోనట్ పట్టుకొచ్చాడు. నువ్వు నొక్కీ నొక్కీ నన్ను సగం చేశావే అంటూ, వదులైపోయిన ప్యాంటు పైకి లాక్కుంటూ నవ్వించాడు. వాడు అంత ఓపిగ్గా మెడ అప్పగించి నేర్పించిన పనిని, ఇప్పుడు భయపడి అబద్ధం చేయబుద్ధి కాలేదు.

"మార్చుకోను సార్. నా చేతికి తగిలింది అదే."

స్టాకర్డ్ పెన్ను మూత తీశాడు. "సరే, రాసుకునే ముందు ఒక్కటడుగుతా. పల్లంగా ఉండకూడదంటున్నావు. మరి ఎలా ఉండాలి?"

"నిండుగా ఉండాలి సార్. లోపల గోళీకాయంత గట్టిగా తగలాలి. నొక్కితే కదలదు, నొప్పీ ఉండదు. అక్కడ కండ అతుక్కునే చోటు కదా. అందరికీ ఉంటుంది."

పెన్ను కాగితం మీదికి దిగలేదు.

"అందరికీ ఉంటుందా? ఎంతమందికి చూశావు?"

లీటా తల దించుకుంది. ఆ కాలేజీలో వారానికోసారి జోడీని మార్చుకోవాలి. రకరకాల ఒళ్ళు తాకితేనే చేతికి తేడా తెలుస్తుందని మొదటి రోజే చెబుతారు. జనవరిలో తప్పాక ఆమెకు ఎవరి మీదైనా చెయ్యి వేయాలంటే సిగ్గేసింది. ఆమెను చూసి నవ్వనివాడు ఒక్కడే దొరికాడు.

"నియమం తప్పాను సార్. జనవరి నుంచి ఒక్కడి దగ్గరే నేర్చుకున్నా. కోల్బీ దగ్గర."

"జనవరిలో కూడా అది గోళీకాయంతే ఉండేదా?"

"లేదు సార్. అప్పుడు బఠాణీ గింజంత. నా చేతికి పని అలవాటై బాగా తెలుస్తోందనుకు..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. పొట్టలోనో, ఛాతీలోనో ముదిరే క్యాన్సర్ ముందుగా ఎడమ కాలర్ బోన్ పైనే గడ్డై కనబడుతుందని పుస్తకంలో తానే ఎర్రగీత గీసుకుని చదివింది. అది బఠాణీ గింజంత ఉన్నప్పుడు వేలికి ఎలా తగులుతుందో మాత్రం పుస్తకంలో లేదు. లీటా తలుపు వైపు తిరిగింది.

ఆర్లెన్ ఎవరూ చెప్పకుండానే బల్ల దిగి పక్కకు జరిగాడు. స్టాకర్డ్ వెళ్ళి తలుపు తీశాడు. కోల్బీ చేతిలో సగం కొరికిన డోనట్‌తో లేచి నిలబడి, లోపలికి తొంగిచూసి నవ్వాడు.

"ఏంటి సార్, మా లీటా ప్యాసైందా?"

"ఆ అమ్మాయి చేతులు ప్యాసయ్యాయి," అన్నాడు స్టాకర్డ్. "నువ్వు చొక్కా విప్పి ఈ బల్ల మీద పడుకో బాబూ."