టెల్లూరియం తర్వాత అయోడిన్

"మళ్ల ఉల్టా చదివినవయ్యా," అన్నాడు ఇస్రాయేలు.

వెంకట్రాములు తల పట్టుకున్నాడు. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి.

1936 మార్చి. నిజాం రాజ్యంలో శుక్రవారం కనుక నాగర్‌కర్నూలులో ఆ బడికి సెలవు. పెంకుల కింద గది కాగిపోతున్నది. వెంకట్రాములు కుర్చీలో కూర్చున్నాడు. ఇస్రాయేలు నిలబడ్డాడు, ఆ గదిలో ఆయన ఎప్పుడూ నిలబడే ఉన్నాడు. సున్నపు గోడకు మేకు నిలవదు. మూలకాల పటాన్ని చేతులతో పైకెత్తి పట్టుకుంటే తప్ప పాఠం సాగదు. ఇరవై రెండేళ్లుగా ఆ పటాన్ని మోసినవి ఇస్రాయేలు చేతులే. ఇప్పుడవి భుజాల దాకా లాగుతున్నాయి.

మర్నాడు పదిన్నరకు హైదరాబాదు నుంచి తనిఖీకి సాహెబు వస్తాడు. ఎదురుగా కూర్చుని మూలకాల పట్టిక మీద ప్రశ్నలు వేస్తాడు. జవాబు తప్పితే వెంకట్రాములుకు ఈ బడితో సంబంధం తీరిపోతుంది. ఆ తర్వాత అచ్చంపేట దగ్గరి జొన్నచేను, అన్న హన్మంతు నాగలి.

అతను ఇష్టపడి చదివింది ఫార్సీ, చరిత్ర. సైన్సు కోరుకున్నది కాదు. మూడు నెలల కిందట నెత్తిన పడింది.

"నా తప్పేంది తాతా? పుస్తకంల ఉన్నట్టే చెప్పిన."

"పుస్తకం ఉర్దూది. కుడిదిక్కు నుంచి నడుస్తది. ఈ పటం ఇంగ్లీషుది, మద్రాసు నుంచి వచ్చింది. ఎడమదిక్కు నుంచి నడుస్తది. నువ్వు పుస్తకం లెక్క తెచ్చి పటం మీద పెట్టినవు. గందుకె సోడియంకు ఏడన్నవు, క్లోరిన్‌కు ఒకటన్నవు."

పొరపాటు చిన్నది; ఫలితం చిన్నది కాదు. పరమాణువు నడుమ కేంద్రకం ఉంటుంది. దాని చుట్టూ పొరలు పొరలుగా ఎలక్ట్రాన్లు. బయటి పొరలో సోడియంకు ఉన్నది ఒకటి, క్లోరిన్‌కు ఉన్నవి ఏడు. సోడియం ఆ ఒక్కటీ వదిలించుకోవాలని చూస్తుంది. క్లోరిన్ ఇంకొకటి కావాలంటుంది. ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో ఉప్పు పుడుతుంది. లెక్క తలకిందులైతే ఉప్పు ఎందుకు పుట్టిందో ఎవరూ చెప్పలేరు.

"నేను పోత తాతా. నాగలే నయం. దానికి ముందేదో ఎనకేదో తెలుస్తది."

"సాలు తప్పితె మీ అన్న ఊకుంటడా? కూసో. ఎడమ కొస నుంచి చెప్పు."

"సోడియం, మెగ్నీషియం, అల్యూమినియం, సిలికాన్, భాస్వరం, గంధకం, క్లోరిన్."

"బయటి పొరల?"

"ఒకటి, రెండు, మూడు... ఏడు."

"ఆ, గట్ల. ఇగ టెల్లూరియం బరువెక్కువనా, అయోడినా?"

వెంకట్రాములు పటంలోని అంకెలు చూశాడు. "టెల్లూరియం."

"మరి తేలికది ముందుండాలె గద. టెల్లూరియం ఎందుకు ముందుగాల కూసున్నది?"

"పటం అచ్చేసినోడు తాగి ఉంటడు."

ఇస్రాయేలు నవ్వలేదు. నవ్వేంత ఓపిక లేదు.

"బరువును బట్టి కూసోబెట్టరయ్యా. మొదట్ల గట్లనే అనుకున్నరు, తర్వాత దిద్దుకున్నరు. కేంద్రకంల ధన విద్యుత్తు ఎంతున్నదో గదే దాని నంబరు. టెల్లూరియంకు యాభై రెండు, అయోడిన్‌కు యాభై మూడు. గంతే."

"మరి గీ ఖాళీ గళ్లేంది? లేనిదానికి ఇల్లెందుకు?"

"లేదనలే. ఇంక దొరకలే అన్నరు."

వెంకట్రాములు ఆయన వంక చూశాడు. "గివన్ని నీకెట్ల యాదుంటయ్ తాతా?"

"ఇరవై రెండేండ్లు ఇవే మాటలు. యాదుండక యాడికి పోతయ్?"

"నా తీరుగ ఇంకెవలకన్న చెప్పినవా?"

"నీకంటె ముందు ఇద్దరికి. ఒకరు గద్వాల పోయిండ్రు, ఒకరు వనపర్తి. మంచిగనే ఉన్నరట."

"మళ్ల కనబడ్డరా?"

"ఒకరు కనబడ్డరు. కల్వకుర్తి సంతల."

"ఏమన్నరు?"

ఇస్రాయేలు పటం దించాడు. చేతులు విదిలించుకుని మళ్లీ ఎత్తాడు.

"జనం మస్తుండ్రి. నన్ను చూడలేదేమో. నువ్వు మళ్ల మొదటికెళ్లి చెప్పు. ఇంటికాడ నా పెండ్లాం రాధమ్మకు చలిజరం. పొద్దు గూకక ముందె పోవాలె."

వెంకట్రాములు మళ్లీ చెప్పాడు. తప్పాడు. మళ్లీ చెప్పాడు. ఎండ కిటికీ దిగి గడప దాటేవేళకు ఒక్క గడి కూడా తప్పకుండా చెప్పగలిగాడు.

శనివారం పదిన్నరకు సాహెబు వచ్చాడు. ముప్పావు గంట కూర్చున్నాడు. వెంకట్రాములు ఎడమ కొస నుంచి మొదలుపెట్టాడు. సోడియం దగ్గర తడబడలేదు. టెల్లూరియం దగ్గర ఆగలేదు. చివరకు సాహెబు లేచి వచ్చి ఒక ఖాళీ గడి మీద వేలు పెట్టాడు. ఇది ఎందుకు వదిలేశారని అడిగాడు.

"అది లేదనలే సాబ్. ఇంక దొరకలే అన్నరు," అన్నాడు వెంకట్రాములు.

సాహెబు ముఖం విప్పారింది. ఇంత మంచి మాట ఎవరు చెప్పారని అడిగాడు.

వెంకట్రాములు పటం ఎత్తి పట్టుకున్న చేతుల వంక చూశాడు.

"పుస్తకంల ఉన్నది సాబ్."

ఇంత చక్కగా పాఠం చెప్పే సైన్సు మాస్టరు ఈ తాలూకాలోనే లేడంటూ సాహెబు వెంకట్రాములు భుజం తట్టి, తన చేతిసంచీని మోటారు దాకా మోయమని బడి బంట్రోతు ఇస్రాయేలుకు అందించాడు.