ముందు గోవు, తర్వాత మీరు

"గోవు వచ్చిందా?" ఫోన్‌లో శాస్త్రిగారు మళ్లీ అడిగారు.

"రాలేదండీ," అన్నాడు అమర్‌నాథ్. "మంచు మాత్రం వచ్చింది."

కొత్తింటి గ్యారేజీలో చాప మీద ముగ్గురు కూర్చున్నారు. అమర్‌నాథ్, భార్య విజయశ్రీ, అత్తగారు చాముండేశ్వరి. పట్టుబట్టల మీద ఉన్నికోట్లు. మధ్యలో కరెంటు హీటరు. పక్కన దేవుడి పటం, కలశం, పాలగిన్నె. గ్యారేజీలోంచి ఇంట్లోకి తెరుచుకునే తలుపుకి, మామిడాకులు దొరక్క, ప్లాస్టిక్ తోరణం కట్టారు. గుమ్మం అవతల వెచ్చటి ఇల్లు. కానీ గోవు గడప దాటితేగాని వీళ్లు దాటకూడదు.

శాస్త్రిగారు డెన్వర్ నుంచి రావాలి. హైవే మూసేశారు. దారిలో ఏదో మోటెల్‌లో ఇరుక్కుని ఫోన్‌లోనే మంత్రాలు చెబుతున్నారు.

అమర్‌నాథ్‌కి ఒళ్లు మండిపోతోంది. శాస్త్రిగారు రెండు ముహూర్తాలు పెడితే ఫిబ్రవరిది వద్దని మార్చిది ఖాయం చేసింది అతనే. హై ప్లెయిన్స్ మైదానాలంతటా ఈసారి వసంతం తొందరగా వస్తుందని, మార్చి మామూలుకన్నా వెచ్చగా, పొడిగా ఉంటుందని వాతావరణంవాళ్ల అంచనా. ఆ మాట విని వాళ్లుండే పడమటి కాన్సస్‌లో గోధుమ రైతులు దిగులుపడ్డారు. అతను సంబరపడ్డాడు.

"మామూలుకన్నా వెచ్చగానంట," అంది చాముండేశ్వరి, హీటరుకి అరచేతులు కాచుకుంటూ. "మా అద్దంకిలో చిలకజోస్యం చెప్పేవాడు నయం బాబూ. తప్పితే మళ్లీ ఆ వీధికి రాడు."

"అది మూడు నెలల సగటు అత్తయ్యా. ఒక్కరోజుది కాదు."

"మనం గృహప్రవేశం సగటున చేసుకోట్లేదు గదా."

ఆవిడ పట్టుదల ఎందుకో అమర్‌నాథ్‌కి తెలుసు. ఇదివరకటి ఇంట్లోకి గోవూ లేదు, లగ్నమూ లేదు. మైక్రోవేవ్‌లో పాలు కాచుకుని దిగిపోయారు. ఆ ఇంట్లో విజయశ్రీకి రెండుసార్లు కడుపు నిలవలేదు. కారణమేమీ కనిపించడం లేదన్నారు డాక్టర్లు. ఆ కారణం లేకపోవడాన్నే విజయశ్రీ తట్టుకోలేకపోయింది. ఈసారి గోవు లేనిదే కొత్తింట్లో అడుగుపెట్టనని తనూ తేల్చి చెప్పేసింది.

ఆవుని తోలుకొస్తానని మాటిచ్చింది డేల్. పక్కనే అతని పశువుల రాంచ్. "ఇంట్లో ఒక చుట్టు తిప్పాలి, అంతేగా?" అని నవ్వుతూ ఒప్పుకున్నవాడు, నిన్న సాయంత్రం ఫోన్ చేసి ప్లేటు ఫిరాయించాడు. మంచు తుఫాను వస్తోందట. మందంతా ఈనే రోజులట. ఒక్క పశువుని కూడా కదిలించడట.

"పోనీ ఆవు బొమ్మ ఏదన్నా..." అన్నాడు అమర్‌నాథ్ మెల్లగా.

"ఆ అంచనా చెప్పినవాడి బొమ్మ పెట్టుకోండి," అంది విజయశ్రీ.

అంతలో గ్యారేజీ పక్కతలుపు దబదబా మోగింది. అమర్‌నాథ్ వెళ్లి తీశాడు. టోపీ నుంచి బూట్ల దాకా మంచు కప్పుకుని డేల్. రెండు చేతుల నిండా టార్పాలిన్ మూట.

"మీ ఇంటి ముందే ట్రక్కు దిగబడింది. మా ఇల్లు చేరలేను. బాత్‌టబ్ ఎటువైపు? వేడినీళ్లు కావాలి," అన్నాడు రొప్పుతూ. జవాబు కోసం ఆగలేదు. ముగ్గురినీ దాటుకుని, తోరణం కిందుగా, బూట్లతో సహా ఇంట్లోకి పరిగెత్తాడు.

"ఇదిగో, లగ్నం ప్రవేశించింది," అన్నారు ఫోన్‌లో శాస్త్రిగారు. "ముందు గోవు, తర్వాత మీరు."

చాముండేశ్వరి గడప మీది బూటు ముద్రలు చూసింది. ఇంక ఆగలేదు.

"ఆవునియ్యనన్నోడు నీళ్లు పోసుకోటానికొచ్చాడు. మారుబట్టలు గూడా మూటగట్టుకొచ్చాడు చూడవే."

"చలికి చేతులు కొయ్యబారాయేమో అమ్మా, పాపం."

"పాపం మనది. ఇంటివాళ్లు కాలు పెట్టని ఇంట్లో వాడు బురద బూట్లు పెట్టాడు."

లోపల కుళాయి హోరు. కొంతసేపటికి డేల్ గుమ్మంలోకి వచ్చాడు. చొక్కా మోచేతుల దాకా తడిసిపోయి ఉంది. "పాత తువ్వాళ్లుంటే ఇస్తారా? హెయిర్ డ్రయ్యర్ కూడా."

విజయశ్రీ సూట్‌కేసు తెరిచి, గడప ఇవతలి నుంచే చెయ్యి చాపి అందించింది. డ్రయ్యర్ మోత మొదలైంది. ఎంతకీ ఆగలేదు.

"వాడిది బట్టతల గదుటే," అంది చాముండేశ్వరి.

బయట గాలి గ్యారేజీ తలుపుని ఊపేస్తోంది.

"గోవు వచ్చిందా?" శాస్త్రిగారి గొంతు సన్నగిల్లింది. "లగ్నం దాటిపోతోంది నాయనా."

"ఇంక రాదండీ."

"ఇంట్లోకి ఎవరూ వెళ్లలేదు కదా?"

"డేల్ అని ఒకతను వెళ్లాడు. బూట్లతో."

అవతల పంచాంగం పేజీలు తిరగేసిన చప్పుడు. తర్వాత, "మళ్లీ వైశాఖంలో చూద్దాంలే," అన్నారు.

విజయశ్రీ ఏడవలేదు. పాలగిన్నె మీద మూత పెట్టింది. "ఈ ఇల్లు అమ్మేద్దామండీ," అంది.

అమర్‌నాథ్ లేచాడు. మూడు నెలల సగటు మీద, మంచు మీద, మాట తప్పిన మనిషి మీద పేరుకున్న కోపమంతా కాళ్లలోకి వచ్చింది. ఇంక పోయేదేముందని గడప దాటి, బాత్‌రూమ్ తలుపు మీద పిడికిలితో గుద్దాడు. వెనకే అత్తగారు. ఆమె వెనక విజయశ్రీ.

తలుపు తెరుచుకుంది.

వేడినీళ్ల ఆవిరిలోంచి, విజయశ్రీ తువ్వాలు వీపున కప్పుకుని, తడబడుతూ కుడికాలు ముందు వేసి బయటికొచ్చింది, లగ్నం ప్రవేశించిన వేళకి డేల్ చేతుల్లోని మూటలో అందరికన్నా ముందు ఆ గడప దాటిన, మంచులో అప్పుడే పుట్టిన పెయ్యదూడ.